తినబుద్ధి కాని రోజులు

అనంతపురంలో ఆడపిల్లల హాస్టలు వంటమనిషి నల్లమ్మ చేతికి ఆ రోజు యూనివర్సిటీ వాళ్ల కాగితం ఒకటి వచ్చింది. చదివే పిల్లలూ, పనిచేసేవాళ్లూ ఎవరి ఒంటి సంగతి, మనసు సంగతి వాళ్లు చూసుకుని రాసివ్వాలట. అవసరమైనవాళ్లను డాక్టరమ్మ పిలిచి మాట్లాడుతుందట. నల్లమ్మకు సంతకం తప్ప రాయడం రాదు. అందుకని హాస్టల్లో చదువుకునే విడపనకల్లు ఊరి పిల్ల నందిని తన కాగితంతో పాటు ఆమెది కూడా ముందేసుకుని వంటింటి పక్క గదిలో కూర్చుంది.

నల్లమ్మ దేవుని పటం ముందు దీపం పెట్టి వచ్చింది.

"ఒంట్లో యాడన్నా నొప్పి గానీ, గడ్డ గానీ ఉండాదా అక్కా?"

"ఏమీ ల్యా. బాగుండానని రాయి."

"అన్నిటికీ అదేనా?"

"దీపాలు పెట్టే యాళ మే! తథాస్తు దేవతలు తిరుగుతాంటారు. ఉండాదంటే ఉండనీ అంటారు."

"మన సాంబారు వాసనకి వాళ్లు ఈ పక్కకే రారులే."

"నీ నోట్లో గంటె పెట్ట!"

నందిని నవ్వుతూనే తన కాగితం చదివింది. "రెండు వారాల్లో తినబుద్ధి కాని రోజులెన్ని? సున్నా."

నల్లమ్మ పిల్లల పేర్లు మరిచిపోతుంది గానీ, వాళ్ల పళ్లేలు మరిచిపోదు. ఈ పిల్ల సంగటి ముద్దను కెలికి వదిలేస్తోంది. మొన్న ఆదివారం భోజనానికే దిగలేదు.

"సున్నా యాడిదే? తొమ్మిది దినాలాయ. పారబోసేది నేనే కదా. ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?"

నందిని తల దించుకుంది. "ఎవురూ ఏమన్లేదక్కా. కారణముంటే రాసుందును. తెల్లారితే లేయబుద్ధి కాదు, అంతే. నువ్వు బాగుండానని రాయమంటివి. నేనూ అదే రాసినా."

నల్లమ్మ దేవుని పటం వైపు చూసింది. మంచి మాటే అనమన్నారు పెద్దలు. ఉన్న జబ్బును లేదనమన్నారా? అన్నీ ఎరిగిన స్వామికి రోజూ దండం పెడుతూ, కాగితం దగ్గర దాచడమేమిటి?

"నాది కొట్టేయి," అంది. "ఎడమ రొమ్ములో గడ్డ ఉండాది. ఉగాదప్పుడు శెనక్కాయ గింజంత ఉన్నింది. ఇప్పుడు నిమ్మకాయంత."

"ఇంట్లో చెప్పినావా?"

"నీకే చెప్తాండా."

నందిని కొట్టేసి రాసింది. అక్షరాలు వంకర పోయాయి. తర్వాత తన కాగితం లాక్కుని, సున్నాకు తోక తగిలించి తొమ్మిది చేసింది. ఆ కింది ప్రశ్న కూడా పైకే చదివింది.

"బతికి ఏం లాభమని అనిపించిన రోజులెన్ని?"

కలం కదలలేదు.

వంటింట్లో నుంచి తోటి వంటమనిషి కృపాకుమారి అరిచింది. "ఏమే నల్లమ్మా, అన్నం అడుగంటుతాంది! యాడ కూసున్యావు?"

"దించు నువ్వే," అంది నల్లమ్మ. "నేను ఇప్పుడే రాను."

మాడు వాసన గదిలోకి వచ్చింది. నందిని తల ఎత్తలేదు, లేచి పోనూ లేదు. నల్లమ్మ పక్కకు జరిగి, ఆ పిల్ల భుజానికి భుజం తగిలేలా కూర్చుంది.