గేర్‌బాక్స్ విప్పిన వేసవి

ఆదివారం పొద్దున అలివేలు ఇడ్లీ పాత్ర మూత తీసేసరికి గుంటల్లో ఉక్కు గుండ్లున్నాయి. ఒక్కో గుంటలో ఒక్కో గుండు, పక్కనే దాని స్ప్రింగు. పాత్రంతా కిరసనాయిలు కంపు.

"కదిలించొద్దే, వరస తప్పిపోతాది. ఈ పూటకు ఉప్మా చెయ్యి," అని వరండాలోంచి భర్త గిరిప్రసాద్ కేకేశాడు.

"ఉప్మా నాకు పడదని తెలుసు గదమ్మే," అంది లోపలినుంచి అత్తగారు సిద్ధమ్మ.

అలివేలు ఆయనకు ఉప్మా, ఆమెకు రాగిజావ చేసింది. తను ఏం తిన్నదో మధ్యాహ్నానికి తనకే గుర్తులేదు.

ఆ గుండ్లు మామగారి కారువి. బతికుండగా ఆయన మద్రాసులో మోజుపడి కొన్న పాత అమెరికా కారు అది. క్లచ్ పెడలే ఉండదు, గేర్లు తనంతట తానే మార్చుకుంటుంది. ఆయన పోయాక పదేళ్ళు చంద్రగిరి ఇంటి పక్క షెడ్డులో గుడ్డ కప్పుకుని పడుంది. ఆ ఏడు, తొంభై ఎనిమిదిలో, గిరిప్రసాద్ దాని మీద మనసు పెట్టాడు. ఇంజను లేచింది. బండి వెనక్కి పోయింది. ముందుకు మాత్రం కదల్లేదు. ఎంత తొక్కినా అరుస్తుందే గాని చక్రం తిరగదు.

రోడ్డు పక్కన షెడ్డున్న మెకానిక్ గురప్ప వచ్చి చూశాడు. "ఇట్లాంటి గేర్‌బాక్స్ నేను యాడా విప్పలేదు సార్. దించమంటే దించుతా, ఎత్తమంటే ఎత్తుతా. లోపల్ది నా వల్ల కాదు," అని ఉన్నమాట చెప్పాడు.

గిరిప్రసాద్ తనే విప్పాడు. మద్రాసునుంచి గేర్‌బాక్స్ లోపలి క్లచ్ ప్లేట్లు, రబ్బరు రింగులు కొత్తవి తెప్పించి రెండుసార్లు బిగించాడు, రెండుసార్లూ బండి కదల్లేదు. ఇది మూడోసారి విప్పడం. విప్పిన ప్రతిసారీ తొట్టి ముందు కూర్చుని భాగాలు కడిగింది అలివేలు. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదివి, నూనె ఒత్తిడికే ప్లేట్లు బిగిసి చక్రం తిరుగుతుందని అర్థం చెప్పింది అలివేలు. తిరుపతి కాలేజీలో పదహారేళ్ళుగా ఆమె ఫిజిక్సు ల్యాబ్ అసిస్టెంటు. అక్కడా ఇదే వరస. మొరాయించిన పరికరాన్ని ఆమె బాగుచేస్తుంది, బాగైనట్టు రిజిస్టరులో లెక్చరరు సంతకం చేస్తాడు. "మీ చెయ్యి మంచిదమ్మా," అంటాడు వెళ్తూ వెళ్తూ. చెయ్యి వెనక తల కూడా ఒకటుంటుందని అతనికి తోచదు.

రెండోసారి బిగించేటప్పుడు ఆమె అడిగింది కూడా. "ఈ రబ్బరు రింగు అంచు అటు తిరగాలేమోనండీ?"

"ఇది నీ కిరసనాయిలు స్టౌ కాదు. టార్చి సరిగ్గా పట్టుకో, చాలు," అన్నాడు.

మూడోసారి విప్పిన ఆ వారంలోనే అతనికి ఆఫీసునుంచి హైదరాబాదులో నలభై రోజుల ట్రైనింగు పడింది. "నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు," అని చెప్పి బస్సెక్కాడు.

కాలేజీకి వేసవి సెలవులు. అలివేలు రెండు రోజులు డబ్బాలు తుడిచింది, అటకలు దులిపింది, ఉతికిన దుప్పట్లే మళ్ళీ ఉతికింది. అయినా నిలవలేకపోయింది. బియ్యం కడుగుతుంటే వేళ్ళకు రబ్బరు అంచు తగిలినట్టుండేది. అత్తగారు ఏదో చెబుతూ ఉంటే, నూనె ఏ దారిన వచ్చి ఏ దారిన జారిపోతోందా అని ఆలోచిస్తూ ఊ కొట్టేది. ఇంతకాలం తన ఆలోచనలన్నీ ఎవరో ఒకరి ఆకలి చుట్టూ, ఎవరో ఒకరి చొక్కా చుట్టూ తిరిగేవి. ఇప్పుడు ఒక ఆలోచన తనది, అచ్చంగా తనది, వదలకుండా తిరుగుతోంది. దాన్ని ఎవరితో చెప్పుకోవాలో తెలియక షెడ్డు గుమ్మం దాకా వెళ్ళడం, తిరిగి రావడం.

మూడోనాడు గ్యాసైపోయింది. పాత పంపు స్టౌ బయటికి తీస్తే గాలి ఎక్కలేదు. పంపు ఊడదీసింది. తోలు వాషరు ఎండిపోయింది. కొత్తది వేస్తూ చెయ్యి ఆపింది. గిన్నెలా ఉన్న ఆ వాషరు మూతిని ఎప్పుడూ గాలిని తోసే వైపుకే తిప్పుతుంది. ఒత్తిడికి అంచు విచ్చుకుని గోడకు అతుక్కోవాలి గదా. తిరగేస్తే గాలి పక్కనుంచి జారిపోతుంది. నూనె అయినా అంతే.

అలివేలు స్టౌ అక్కడే వదిలి షెడ్డులోకి పోయింది. క్లచ్ ప్లేట్లుండే డ్రమ్ము విప్పి చూసింది. రింగు తిరగబడి ఉంది, పైగా దూర్చేటప్పుడు అంచు చిరిగింది.

తెప్పించినవాటిలో ఒక రింగు మిగిలి ఉంది, ఒక్కటే. చిరిగితే మళ్ళీ దొరకదు. రోజూ మధ్యాహ్నం సిద్ధమ్మ కునుకు తీసేటప్పుడు పాత రింగు మీదే సాధన చేసింది. స్క్రూడ్రైవరు గీరింది. గోరు సరిపోలేదు. చివరికి అత్తగారి చేతి ఎక్స్‌రే ఫిల్ము అంచు పలచగా కత్తిరించి, గుండ్రంగా చుట్టి, దాని మీదుగా రింగును జార్చింది. నున్నగా దిగిపోయింది. మర్నాడు కొత్త రింగూ అలాగే దిగింది. ప్లేట్లు నూనెలో నానబెట్టి పేర్చింది. నూనె రంధ్రానికి సైకిలు పంపు ఆనించి కొట్టింది. లోపల ప్లేట్లు ఒక్కసారిగా టక్కున బిగిశాయి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ టక్. ఆ శబ్దం కోసమే ఇంకో పదిసార్లు కొట్టింది.

"వాడొచ్చి తిడితే నన్ను మధ్యలోకి లాగొద్దు," అంది సిద్ధమ్మ గుమ్మంలో నిలబడి. వెళ్ళిపోకుండా చాలాసేపు చూస్తూనే ఉంది.

ఇరవయ్యో రోజున గురప్ప వచ్చి గేర్‌బాక్స్ ఎత్తి బిగించాడు. "నువ్వే కూర్చోక్కా," అన్నాడు. అలివేలు స్టీరింగు ముందు కూర్చుని గేరు మీట కిందికి లాగింది. పెద్ద బండి ఒకసారి జంకి, ముందుకు కదిలింది. షెడ్డు దాటి వీధిలోకి వచ్చేసింది.

"బ్రేకక్కా, బ్రేకు!" అని అరుస్తూ గురప్ప పక్కనే పరిగెత్తాడు.

ఆపాక ఆమె దిగి, నూనె ఎక్కడైనా కారుతోందా అని బండి కిందికి వంగి చూసింది.

గిరిప్రసాద్ తిరిగొచ్చి, ముట్టుకోవద్దన్న మాట ఎత్తకుండా రెండు వీధులు నడిపి చూశాడు. "నేనేసిన ప్లేట్లే గదా, ఇప్పటికి పట్టు దొరికింది," అన్నాడు. ఆ ఆదివారమే చిత్తూరునుంచి తెలిసినాయన దొరస్వామిని పిలిపించాడు. అలాంటి కారే ఆయనకూ ఉంది.

"మూడుసార్లు విప్పినానన్నా, ఊరికే కాలేదు. మా ఆడమనిషి కూడా పాపం, కడిగిపెట్టింది," అంటున్నాడు గిరిప్రసాద్, అలివేలు కాఫీ తెచ్చేసరికి.

"అదిసరేప్పా, ఆ రబ్బరు రింగు దూర్చబోతే నాకు చినిగిపోతా ఉండాది. నువ్వెట్ల దూర్చినావు?" అన్నాడు దొరస్వామి.

గిరిప్రసాద్ అలవాటుగా ఆమె వైపు తిరిగాడు. "చెప్పు అలివేలూ."

మాట నాలుక దాకా వచ్చింది. చుట్టాల పేర్లు, దరఖాస్తుల్లో ఇంగ్లీషు, మాత్రల వేళలు, ఇన్నేళ్ళూ అతను తిరిగిన ప్రతిసారీ అందించింది ఆమే. ఈసారి కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టి, "మీరే చెప్పండి," అంది.

"అదే... నూనె రాసి, మెల్లగా..."

"అట్ల చేసే గదప్పా చినిగింది!" దొరస్వామి ఆమె గోళ్ళలో ఇంకా వదలని నలుపు చూశాడు. "చేసింది ఎవురమ్మా?"

"నేనే."

గిరిప్రసాద్ గ్లాసు అందుకున్నాడు గాని తాగలేదు.

"ఐతే మాదీ చేసిపెట్టు తల్లీ."

"పంపించన్నా, దానిదేముంది," అన్నాడు గిరిప్రసాద్ తేరుకుని. "ఖాళీ ఉన్నప్పుడు చేసిపెడతాది."

ఖాళీ అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. తన రోజులో అది ఏ మూల కనబడిందో ఈయనకు!

"ఖాళీ ఉన్నప్పుడు చేసే పని కాదు," అంది దొరస్వామితోనే. "గురప్ప షెడ్డులో దించండి. పది దినాలు పడుతుంది. నేను పొద్దున పోయి సాయంత్రం వస్తాను."

"మరి ఇంట్లో?" అంది లోపలినుంచి సిద్ధమ్మ.

అలివేలు దొరస్వామికి గురప్ప షెడ్డు ఎక్కడో గుర్తులు చెప్పసాగింది.

కాలేజీ తెరిచిన రోజు ఆమె సెలవు కాగితం తీసుకుంది. ఈ పదహారేళ్ళలో పెట్టిన సెలవులన్నిటికీ కారణాలు ఆమెకు కంఠస్థం. ఆడబిడ్డ కాన్పు. మామగారి ఆస్పత్రి. అత్తగారి చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు. భర్త తరఫు పెళ్ళిళ్ళు.

పది రోజులు అని వేసి, కారణం అన్నచోట పెన్ను ఒక క్షణం ఆపి, 'సొంత పని' అని రాసింది.