మంచులో ఎర్ర కుర్చీ

మంగళవారం మధ్యాహ్నం మొదలైన మంచు బుధవారానికి గాని తెరిపివ్వలేదు. ఇరవై అంగుళాలని రేడియో చెప్పింది. షికాగోలో పది నిమిషాలకొకసారి ట్రాఫిక్, వాతావరణం చెప్పే స్టేషనొకటి ఉంది. రాజారావు దాన్ని రెండు రోజులుగా వంటింట్లో ఆపకుండా మోగిస్తూనే ఉంచాడు. ఏ హైవే మీద కార్లు ఇరుక్కున్నాయో, ఏ రోడ్డు మీద ఉప్పు చల్లారో, సరస్సు మీంచి గాలి గంటకెన్ని మైళ్ళ వేగంతో వస్తోందో అన్నీ అతనికి నోటికొచ్చేశాయి. తెలియనిదల్లా ఒక్కటే, శుక్రవారం తను కారు నడిపి నెగ్గుకు రాగలడా అన్నది.

యాభై ఏడేళ్ళ వయసులో అతనికి డ్రైవింగు లైసెన్సు లేదు. పన్నెండేళ్ళ అమెరికా కాపురంలో కారు నడిపింది భార్య లీలావతి. అతన్ని ఎక్కడికక్కడ గుమ్మం ముందు దింపి, తనెక్కడో చోటు వెతుక్కుని పార్కు చేసి, చేతులు నలుపుకుంటూ నడిచి వచ్చేది. ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. అప్పటినుంచీ అతను బస్సూ రైలూ మారి డౌన్‌టౌన్‌లో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి వెళ్ళి సాఫ్ట్‌వేర్ టెస్టింగు చేసి వస్తున్నాడు. ఆ ఆఫీసు కాస్తా సోమవారం నుంచి అరోరాకి మారిపోతోంది. నలభై మైళ్ళు. రైలుంది గాని, స్టేషన్లో దిగాక ఇంకో ఎనిమిది మైళ్ళు. మధ్యలో బస్సన్నది లేదు. రాలేనివాళ్ళు శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలని మేనేజరు మర్యాదగానే ఉత్తరం రాశాడు. రాలేనివాళ్ళ సంగతి ఏమవుతుందో అందులో లేదు. ఉండక్కర్లేదు కూడా.

పైగా ఏడాది కిందట తీసుకున్న అతని లెర్నర్ పర్మిట్ గడువు కూడా ఆ శుక్రవారంతోనే సరి. ఒక పర్మిట్ మీద రోడ్ టెస్టుకి మూడుసార్లే రానిస్తారు; రెండు అయిపోయాయి, మూడోది ఆ శుక్రవారమే. రెండుసార్లూ తప్పింది ఒకే చోట, నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో. ముందొచ్చి ఆగినవాడు ముందు కదలాలని పుస్తకంలో ఉంది. రాజారావుకి అది కంఠతా వచ్చు. కానీ ఎదురుగా ఒక మనిషి ముఖం కనిపిస్తుంటే, అతన్ని ఆపి తను పోవడానికి కాలు రాదు. మీరు పదండి, మీరు పదండి అని చెయ్యి ఊపుతూ కూర్చునేవాడు. రెండోసారి వెనక ఆరు కార్లు నిలబడ్డాయి. ఎగ్జామినరు కాగితం మీద గీత గీసి, మీరు చాలా మంచివారు, కానీ రోడ్డు కదలాలి కదా అన్నాడు.

గురువారం సాయంత్రం నాలుగింటికి మనీషా అతన్ని ప్రాక్టీసుకి లాక్కెళ్ళింది. మనీషా పై అంతస్తులో అద్దెకుంటుంది. ముప్ఫై నాలుగేళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, కరీంనగర్ మనిషి. మంచు అంతగా ఎరగని దక్షిణాది ఊరు బెంటన్‌విల్‌లో మూడేళ్ళు కాంట్రాక్టు చేసి, దీపావళి వెళ్ళాక షికాగో వచ్చింది. ఇద్దరూ రెండు గంటలు పారలు పట్టి, మంచులో కూరుకుపోయిన లీలావతి కారు, పాత క్యామ్రీని బయటికి తీశారు. ముప్పావు గంట సందులూ గొందులూ తిరిగారు. తిరిగొచ్చేసరికి, అంత కష్టపడి తవ్వుకున్న చోట్లో ఎవరిదో వ్యాను నిలబడి ఉంది.

రాజారావు వీధి చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు. రెండు పక్కలా మంచు దిబ్బలు, దిబ్బల్లో కార్ల ఆకారాలు. చీకటి పడిపోయి వీధి దీపాలు వెలిగాయి. అయిదోసారి తిరుగుతుంటే తారు కనిపించేటంత శుభ్రంగా ఊడ్చిన ఖాళీ ఒకటి కనిపించింది. దాని నడిమధ్య ఎర్ర సీటు, స్టీలు కాళ్ళు ఉన్న వంటింటి కుర్చీ.

మనీషా కిందికి దిగి కుర్చీని అటూ ఇటూ ఊపి చూసింది.

"అంకుల్, మంచిగున్నది. ఎవరో పారేసిన్రు. కాళ్ళు గూడ ఊగుతలేవు."

రోడ్డు మధ్యలో పడెయ్యడమేమిటని రాజారావు సందేహించాడు. చెత్తబండి ఇటు రాక నాలుగు రోజులైంది కదా అంది మనీషా. బెంటన్‌విల్‌లో తన సోఫా, టీవీ స్టాండు, డైనింగ్ టేబులూ అన్నీ ఇలా రోడ్డు పక్కన దొరికినవేనట. ఆ మాట నిజమే. అమెరికా వచ్చిన మొదటి ఏడాది ఇలా ఎత్తుకొచ్చిన బల్ల మీద అన్నం తినని తెలుగువాడు రాజారావుకి తెలిసినంతలో లేడు. కుర్చీ పైకి, రాజారావు వంటింట్లోకి వెళ్ళింది. కారు ఆ ఖాళీలోకి వెళ్ళింది. చాలా రోజుల తర్వాత ఏదో ఒకటి తేలిగ్గా దొరికిందని అతను ఆ రాత్రి కాస్త నిద్రపోయాడు.

పొద్దున్న ఆరున్నరకి దిగి చూస్తే కారు మంచులో లేదు, గాజులో ఉంది. బానెట్టు, అద్దాలు, డ్రైవరు తలుపు, అన్నిటి మీదా రెండంగుళాల మందాన పారదర్శకంగా ఐసు. చక్రాల నుంచి తారుకి ఐసు వేళ్ళు దిగాయి. ఇది ఆకాశం నుంచి పడ్డది కాదని, ఎవరో బకెట్లతో పోసిందని తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మనీషా ఒక గీకుడు బద్దతో, అతను ఇంకొక దానితో గంటసేపు గీకారు. గోళ్ళు నొప్పెట్టడమే గాని ఐసు రాలేదు. ఎనిమిదింటికి మనీషా బద్ద అతని చేతిలో పెట్టింది.

"అంకుల్, నా డెమో తొమ్మిదింటికి. క్యాన్సిల్ చేస్తే క్లయింటు నన్నే క్యాన్సిల్ చేస్తడు. ఆ కుర్చీ ముట్టకపోతే బాగుండు."

"నువ్వెళ్ళమ్మా. కుర్చీ నువ్వొక్కదానివే మోశావా?" అన్నాడతను.

ఆమె బస్సు కోసం పరిగెత్తింది. పర్మిట్ మీద కారు నడపాలంటే లైసెన్సున్న మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి కాస్తా వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మూడు దాటితే టెస్టుకి ఎవర్నీ తీసుకోరు. రాజారావు ఊరికే నిలబడలేక వీధి పొడుగునా నడిచాడు. అప్పుడు చూశాడు. తవ్విన ప్రతి ఖాళీలోనూ ఏదో ఒకటి ఉంది. ఒకచోట ఇస్త్రీ బల్ల. ఒకచోట రెండు బకెట్లు, వాటి మీద అడ్డంగా చీపురు. ఒకచోట చక్రం విరిగిన ఉయ్యాల బండి. పన్నెండు చలికాలాలు పక్కసీట్లో కూర్చుని వీటన్నిటినీ చూసి, ఈ ఊరివాళ్ళకి శుభ్రం తక్కువనుకున్నాడు. తవ్వినవాడు తిరిగొచ్చేదాకా ఆ చోటు అతనిదేనని చెప్పడానికే అవన్నీ. ఈ సంగతి లీలావతికి తెలిసే ఉంటుంది. పార్కింగు కబుర్లు ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, అతనెప్పుడూ అడగలేదు.

పైకి వెళ్ళి కుర్చీ తెచ్చాడు. సీటు మీద ఉప్మా పలుకు కనిపిస్తే రుమాలుతో తుడిచాడు. ఖాళీకి ఎదురుగా ఉన్న ఇంటి తలుపు తట్టాడు.

తలుపు తీసినావిడకి యాభై దాటి ఉంటాయి. నల్లజాతి మనిషి, బలమైన భుజాలు, సిటీ బస్సు డ్రైవర్లు వేసుకునే నీలం జాకెట్టు ఇంకా ఒంటి మీదే ఉంది. అతన్నీ కుర్చీనీ మార్చి మార్చి చూసింది.

"ఆ కారు మీదేనా?"

"నాదే మేడమ్. దీన్ని ఎవరో పారేశారనుకున్నాం."

"పారేశారనుకుని?"

"ఇంట్లోకి తీసుకెళ్ళాం. పొద్దున్న దీని మీదే కూర్చుని టిఫిను తిన్నాను. తప్పయింది."

ఆవిడ నవ్వకూడదనుకుని పెదవి కొరుక్కుంది. కుదరలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ వీధిలో ఉంటున్నానని, చోటు దొంగతనం చేసినవాళ్ళని చూశాను గాని కుర్చీ కూడా ఎత్తుకెళ్ళినవాణ్ణి చూడలేదని చెప్పింది. నవ్వాగాక మళ్ళీ కోపం వచ్చినట్టుంది. రెండు షిఫ్టులు బస్సు నడిపి, మధ్యలో వచ్చి నొప్పి భుజంతో రెండున్నర గంటలు తవ్విందట. రాత్రి పదకొండింటికి తిరిగొస్తే తన చోట్లో క్యామ్రీ. తన కారు ఆరు వీధుల అవతల పెట్టి నడిచి రావలసొచ్చింది. నీళ్ళు నేనే పోశాను, దాచుకోను అంది.

"న్యాయమే మేడమ్," అన్నాడు రాజారావు. "గంట టైమిస్తే ఐసు కొట్టి, మీ చోటు మీకు ఖాళీ చేసిస్తాను. కొంచెం ఆలస్యమైతే ఏమీ అనుకోకండి."

అతను మెట్లు దిగి మళ్ళీ గీకుడు మొదలుపెట్టాడు. పది నిమిషాలకి ఆవిడ చీపురు కర్ర, ఐసు కరిగించే స్ప్రే డబ్బా పట్టుకుని వచ్చింది.

"వెనక కుడి తలుపు చూశారా? దాని మీద పొయ్యలేదు. మనిషి లోపలికి వెళ్ళే దారుండాలి కదా."

తలుపు నిజంగానే తెరుచుకుంది. కోపంలో కూడా ఒక తలుపు వదిలేసిన మనిషి మీద అతనికి ఎందుకో గౌరవం కలిగింది. వెనక సీట్లోకి దూరి, రెండు సీట్ల మధ్య నుంచి మోకాళ్ళ మీద పాకి, తల పైకప్పుకి కొట్టుకుని, చివరికి స్టీరింగు ముందు పడ్డాడు. ఇంజను ఒక్క తిప్పుకి అందుకుంది. హీటరు పెట్టాడు. అద్దం మీద ఐసు అంచుల్లో నీరు కారడం మొదలైంది. ఆవిడ బయట కర్రతో కొడుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది.

ఇంత పొద్దున్నే ఎక్కడికి హడావిడి అని ఆవిడే అడిగింది. పర్మిటు, అరోరా, మూడు గంటలు, అన్నీ చెప్పాడు. పక్కన కూర్చునే మనిషి లేదని కూడా చెప్పాడు గాని, అడగలేదు. అడిగే ముఖం లేదు.

ఆవిడ డ్రైవరు తలుపు హ్యాండిల్ మీద చివరి ఐసుముక్క కొట్టింది. టైము చూసుకుంది. పదిన్నర.

"నాకివాళ సెలవు. నేను నిన్నటి నుంచీ నిద్రపోలేదు. పక్కన కూర్చుంటాను, కానీ నిద్రపోతాను. నాకు మెలకువ వచ్చిందంటే మీరేదో తప్పు చేశారన్నమాట."

కారు బయటికి తీయగానే దిగి, తన కుర్చీ తన చోట్లో పెట్టుకుని, మళ్ళీ ఎక్కింది. బెల్టు పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

వెస్ట్రన్ అవెన్యూ నాలుగు వరసల రోడ్డు ఆ రోజు రెండు వరసలైంది. మిగతాదంతా గోధుమరంగు బురదమంచు. ఉప్పు లారీ ముందు పోతూ కారు మీదికి రాళ్ళు విసిరినట్టు ఉప్పు విసురుతోంది. బస్టాపులో దిగినవాళ్ళు మంచు గోడ ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తున్నారు. రాజారావు వేళ్ళు స్టీరింగుకి అతుక్కుపోయాయి. ప్రతి ఎర్ర దీపం దగ్గరా ఆవిడ ముఖం వంక చూశాడు. ముందు కారు జారితే అతను బ్రేకు మీద బలంగా కాలు పెట్టాడు; కారు తోక ఊపింది.

"ముందు గ్యాసు పెడల్ మీంచి కాలు తియ్యండి. బ్రేకు తర్వాత," అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే. మళ్ళీ గుర్రు పెట్టింది.

ఒక చిన్న కూడలిలో నాలుగు వైపులా స్టాప్ బోర్డులు ఎదురయ్యాయి. అతను ముందొచ్చి ఆగాడు. ఎదుటి కారులో ముసలాయన కనిపించాడు. అలవాటుగా చెయ్యి లేచింది. కారు కదలకపోవడంతో ఆవిడకి మెలకువ వచ్చింది.

"ఏమైంది?"

"ఆయన్ని పొమ్మంటున్నాను."

"ఆయన మిమ్మల్ని పొమ్మంటున్నాడు. వెనక బస్సుంది. అందులో నాలాంటిదొకతె కూర్చుని మీ ఇద్దర్నీ తిడుతుంటుంది." ఆవిడ కూర్చున్నచోట సర్దుకుంది. "మీ వంతు మీరు తీసుకోండి. మీరు తీసుకోకపోతే, వాళ్ళ వంతు ఎప్పుడో వాళ్ళకి తెలియదు. నేను రాత్రి ఎందుకు నీళ్ళు పోశాననుకున్నారు? నా వంతు మీరు తీసుకున్నందుకే కదా."

అతను కదిలాడు. ఆ తర్వాత మూడు కూడళ్ళు వచ్చాయి. మూడింట్లోనూ ఆవిడ నిద్ర లేవలేదు.

లైసెన్సు ఆఫీసులో వరస గోడ చుట్టూ తిరిగి తలుపు దాకా ఉంది. మంచు వల్ల ఉద్యోగులు సగం మందే వచ్చారు. రాజారావు కూర్చోలేకపోయాడు. నిలబడలేకపోయాడు. గడియారం పన్నెండు చూపించింది, ఒకటి చూపించింది. రెండుంబావుకి పిలుపొచ్చింది. ఈసారి ఎగ్జామినరు ఒకావిడ; బూట్ల మంచు దులుపుకుని కారెక్కి ఎడమకి, కుడికి, మళ్ళీ కుడికి అంటూ ఎటో తిప్పింది. కూడలి వచ్చింది. అతను ముందు. ఎదుటి వ్యానులో ఒకమ్మాయి, వెనక సీట్లో పసిపిల్ల. చెయ్యి స్టీరింగు మీంచి లేవబోయింది. లేవలేదు. కాలు గ్యాసు మీదికి వెళ్ళింది. కూడలి దాటాడు.

పక్కన ఆగి వెనక్కి నడపడంలో కొన్ని మార్కులు పోయాయి. అద్దం చూడనందుకు కొన్ని. ఎగ్జామినరు కూడుకుని, ఇంకో రెండు పోతే తప్పేవారని చెప్పి సంతకం పెట్టింది.

ఫోటో తీసి చేతిలో పెట్టిన కార్డు ఇంకా వెచ్చగానే ఉంది. బయటి హాల్లో బెంచీ మీద బస్సు డ్రైవరు లేచి కూర్చుని ఉంది. కార్డు తీసుకుని చూసి, ఫోటోలో ఎవరో చచ్చిపోయినట్టున్నారు అంది. అతను మేనేజరుకి ఫోను చేసి, సోమవారం వస్తున్నానన్నాడు. అటువైపు మనిషి సరేనన్నాడు, అంతే. పన్నెండు నెలల ఆదుర్దాకి ఒక్క సరే.

"అరోరాకి ఏ దారిన వెళ్తారు?" అని ఆవిడ అడిగింది.

"ఎక్స్‌ప్రెస్‌వే మీద."

"ఎప్పుడైనా ఎక్కారా?"

ఎక్కలేదు. మనీషా ఒప్పుకోలేదు, అతనూ ధైర్యం చెయ్యలేదు. సోమవారం పొద్దున్న ఏడింటికి, నలభై మైళ్ళు, పక్కన ఎవరూ లేకుండా. ఆ సంగతి అతనికి అప్పుడే తట్టింది.

ఆవిడ కుడిచేతి వైపు చూపించింది. "అదిగో దారి. మూడు ఎగ్జిట్లు పోయి దిగిపోదాం. ఇవాళ నేనున్నాను."

వంపు తిరిగిన దారి మీద కారు వేగం అందుకుంది. కింద ఎక్స్‌ప్రెస్‌వే కనిపించింది. శుక్రవారం సాయంత్రం రద్దీ, ఎర్ర దీపాల ఏరు ఒకటి, తెల్ల దీపాల ఏరు ఒకటి. మళ్ళీ సన్నగా మంచు పడుతోంది. తన వరస ముందుకెళ్ళి అయిపోతోంది. ఎడమవైపు ఖాళీ లేదు. లారీ వెనక లారీ. ఆగుదామా అనిపించింది. పక్కన ఆవిడ ఈసారి కళ్ళు తెరిచే ఉంది.

అద్దంలో ఒక పెద్ద లారీ ముఖం కనిపించింది. దాని దీపాలు ఒక్కసారి ఆరి వెలిగాయి. లారీ వేగం తగ్గి, దాని ముందు ఒక కారు పట్టేంత చోటు నెమ్మదిగా తెరుచుకుంది. ఆ నడిపేవాడి ముఖం రాజారావుకి కనిపించలేదు. ఎప్పటికీ కనిపించదు.

అతను సిగ్నల్ వేసి, ఆ చోట్లోకి వెళ్ళాడు.