తెర మీది టీచరు

చీ, నా మొహం చూస్తే నాకే డోకొస్తోంది! బ్లాక్‌బోర్డు పీకేసిన చోట పెద్ద తెర. దాని మీద నేనే, పెదాలకు రంగేసుకుని, పళ్ళికిలిస్తూ లెక్కలు చెబుతుంటాను. ఒంట్లో ప్రాణమున్న నేనేమో వెనక గోడ దగ్గర నిలబడి, పిల్లలు నోరెత్తకుండా కాపలా కాస్తుంటాను.

ఇదంతా మా ప్రిన్సిపల్ గారి తెలివి. సెలవుల్లో టీచర్లందరినీ ఖాళీ గదిలో కెమెరా ముందు నిలబెట్టి పాఠాలన్నీ రికార్డు చేయించాడు. క్లాసులో వీడియో మధ్యలో ఆపకూడదట. ఆపితే ఆయన గదిలో కంప్యూటర్‌కి తెలిసిపోతుంది.

మూడో బెంచీలో ఒక పిల్ల ఉంది. కందిరీగ అంటాను. "ఎందుకు టీచర్?" అని కుట్టందే వదలదు. దాని పుణ్యమా అని మిగతావాళ్ళకూ నాలుగు ముక్కలు వచ్చేవి. అది అడగడం మానేస్తే నేను టీచర్నయ్యీ దండగే.

భాగహారం పాఠం నడుస్తుండగా చెయ్యెత్తింది.

"టీచర్, అక్కడ సున్నా ఎందుకు పెట్టారు?"

రికార్డు చేసేటప్పుడు ఖాళీ గదిలో అడిగే దిక్కులేక ఆ సంగతి చెప్పకుండానే దాటేశాను మరి. "ఉష్, తర్వాత చెప్తాలే," అన్నాను. తర్వాత ఎక్కడేడిచింది? గంట కొడితే ఇంకో క్లాసు, ఇంకో తెర. రోజూ దాన్ని అలాగే ఉష్ అంటూ వచ్చాను.

పరీక్షలో ఆరువందల పన్నెండును ఆరుతో భాగించమంటే క్లాసు క్లాసంతా మధ్యలో సున్నా మింగేసి, నూటరెండుకి బదులు పన్నెండు అని రాసి కూర్చుంది. ఆ కాగితాలు తీసుకెళ్ళి ప్రిన్సిపల్ ముందు పడేశాను.

"దాందేముంది మేడమ్, వీడియో ఇంకోసారి వేసెయ్యండి," అన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా.

"అడిగితే జవాబు చెప్పదు కదండీ అది?"

"అడగాల్సిన పనే లేకుండా తీయించాం కదా!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మళ్ళీ అదే వీడియో, అదే ఇకిలింపు. సున్నా దగ్గరికి రాగానే టక్కున ఆపేశాను. రెండు నిమిషాల్లో ప్రిన్సిపల్ రొప్పుతూ ఊడిపడ్డాడు.

"ఏంటి మేడమ్, ఆగిపోయింది?"

"నేనే ఆపాను. ఈ పిల్ల డౌటు తీర్చాకే మళ్ళీ వేస్తాను. ఉద్యోగం పీకేస్తారా, పీకెయ్యండి." కందిరీగ వైపు తిరిగాను. "అడగవే తల్లీ."

లేచి నిలబడింది. నా వైపు చూడలేదు. తెర మీద నోరు తెరుచుకుని ఆగిపోయిన నా బొమ్మ వైపే చూస్తోంది.

"డౌట్లేం లేవు టీచర్. ఉష్, మాట్లాడకండి, అక్కడ పాఠం చెప్తున్నారు," అని కూర్చుంది.