ఖాళీ బకెట్

చొక్కా విప్పమంటారు కాబోలు, తమ్ముడికి చొక్కా విప్పడమంటే సిగ్గు, చిన్నప్పుడు కుళాయి దగ్గర కూడా బనీనుతోనే నీళ్ళు పోసుకునేవాడు, ఇప్పుడా ఎక్స్‌రే గదిలో ఎవరో గాలి పీల్చు, బిగబట్టు అంటారు, బిగబట్టగలడా వాడు, నిన్న షాపు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగాడు, నేనూ చూడనట్టే తాళం తీశాను, సరే, ఈ బండి రిమ్ములు తుప్పు వదిలించి సాయంత్రానికి అప్పజెప్పాలి, వాడు లేడు కాబట్టి నేనే ఇసుక కొట్టాలి, వాడి మాస్కు మేకుకి వేలాడుతుంటే తీసి కట్టుకుని ఇసుక కొట్టే పెట్టెకి బిగించిన గ్లౌజుల్లోకి చేతులు దూర్చాను, లోపల ఇంకా వాడి చెమట తడి ఉంది, పెడల్ తొక్కగానే ఇసుక రిమ్ము మీద పడింది, తుప్పు లేచింది, పెట్టె అద్దం దుమ్ముతో తెల్లబడింది, రోజంతా ఇందులోకి ఎలా చూస్తాడో, కాలు తీసి ఆగాను, అద్దం ఇట్టే తేటపడింది, దుమ్ము లాగే డ్రమ్ము బాగానే లాగుతోంది, డ్రమ్ముకేం ఢోకా లేదు, మొన్న డాక్టరమ్మకీ అదే చెప్పాను.

ఏం పని చేస్తావ్ అని ఆవిడ అడిగితే ఇసుక కొడతానండీ అన్నాడు వాడు, ఎవర్నయ్యా అంది, వాడు నవ్వబోయి దగ్గాడు, ఆ దగ్గు ఆగేదాకా ఆవిడ కలం పట్టుకుని కూర్చుంది, ఇసుక కొడితే లేచే ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుంది అంది, వాడు నా మొహం చూశాడు, నేనే అందుకున్నాను, గొట్టంలోంచి డ్రమ్ములోకి పోతుందండీ, లోపల గుడ్డసంచి ఉంటుంది, దుమ్ము దానికి పట్టి కింద బకెట్లో రాలుతుంది, వెనక జాలీలోంచి ఉత్త గాలే వస్తుంది, మా షాపులో దుమ్మనేదే ఉండదండీ, ఎంత ధీమాగా అన్నాను, ఇసుక పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు, ఫొటో తీయించండి, చూద్దాం అంది ఆవిడ, చేరదులెండి అన్నాను, చేరదు, ఎలా చేరుతుంది, వాడు మాస్కు లేకుండా ఈ పెట్టె ముందు నిలబడింది నేనెప్పుడూ చూళ్ళేదు.

ఇంకో రిమ్ముంది, ముందు డ్రమ్ము కింది బకెట్ ఒంపేద్దాం, అది వాడి పనే, నేను ముట్టుకుని ఎన్నాళ్ళయిందో, వంగి బలంగా లాగాను, బరువుంటుందనుకుని లాగిన చెయ్యి బకెట్‌తో సహా వెనక్కి వచ్చేసింది, అడుగు కనబడుతోంది, మూల కాస్త పొడి, అంతే, పొద్దున్నే ఒంపి వెళ్ళాడా, లేదు, పొద్దున్న తిన్నగా ఆసుపత్రికే వెళ్ళాడు, అన్నయ్యా ఈ మధ్య బకెట్ నిండటం లేదేంటి అన్నాడోసారి, మంచిదేగా, మోసే పని తప్పింది, కూర్చో హాయిగా అన్నాను, కానీ ఇసుక బస్తాలు ఎప్పట్లాగే అయిపోతున్నాయి, పని తగ్గలేదు, బకెట్ మాత్రం నిండటం లేదు, అదెలాగ, ఉక్కగా ఉంది, మాస్కు గడ్డం కిందికి లాగి వాడి స్టూలు మీద కూలబడ్డాను, మెడ మీదికి చల్లగా గాలి తగిలింది, జాలీ గాలి, వాడు స్టూలు ఇక్కడ వేసుకున్నది ఈ గాలి కోసమే, పెట్టెలో మిగిలిన దుమ్ము లాగేసేదాకా డ్రమ్ము ఆపొద్దని నేనే చెప్పాను, ఆ కాసేపట్లో వాడు మాస్కు తీసి మేకుకి తగిలించి ఇక్కడ కూర్చుని అన్నం తినేవాడు, రాజావారికి ఫ్యానొకటి అని నేనంటే, కరెంటు బిల్లు నీదే కదన్నయ్యా అని నవ్వేవాడు, పళ్ళ కింద ఏదో కరకరమంది, నేను ఇంకా ఏమీ తినలేదు.

ఉమ్మేశాను, మళ్ళీ కరకర, తలెత్తితే తలుపు సందులోంచి పడే ఎండలో పొడి తిరుగుతోంది, జాలీ దగ్గర్నుంచే వస్తోంది, లేచి స్విచ్చి కట్టేశాను, లోపలి ఫ్యాను ఆగేదాకా ఆగలేక డ్రమ్ము మూత పట్టీలు లాగాను, గుడ్డసంచి కుట్టు పైనుంచి కింది దాకా విడిపోయి ఉంది, ఇవాళ విడింది కాదు, అంచుల్లో పొడి గట్టిపడిపోయింది, ఇటు లాగింది లాగినట్టే అటు ఊదుతోంది, అద్దం ఎందుకు తేటపడదు, ఫోను మోగింది, మరదలు, బావగారూ, డాక్టరమ్మ ఫొటో చూశారండీ, ఏమీ చెప్పట్లేదు, దుమ్ము ఎక్కడికి పోతుందని మళ్ళీ అదే అడుగుతున్నారు, ఈయన మీరు చెప్పిందే చెప్పారు, బకెట్లోకి అని, అంతేగా బావగారూ, వెనకనుంచి వాడి గొంతు, అన్నయ్యనెందుకే కంగారు పెడతావ్, రిమ్ములయ్యాయా అడుగు, తర్వాత దగ్గు, బావగారూ ఉన్నారా, ఉన్నానమ్మా, ఫోను డాక్టరమ్మకివ్వు అన్నాను, అటు ఫోను చేతులు మారుతున్న చప్పుడు, చెప్పండి అంది ఆవిడ, రెండో చేత్తో కింద పడి ఉన్న ఖాళీ బకెట్ ఎత్తాను, ఇందులో ఉండాల్సిందంతా ఆవిడ చేతిలో ఉన్న ఫొటోలో ఉంది.