టీ అయ్యాక వెళ్ళాడు

ఆ ఆదివారం సాయంత్రం ఊళ్ళో కుక్కలతో సహా అందరూ నా పబ్బులోనే ఉన్నారు. అందరూ అంటే ముప్పై ఒక్క మంది. మా ఊరు టీవీలో వస్తుందంటే ఇంట్లో ఎవడు కూర్చుంటాడు? నలభై రెండేళ్ళ కిందట మాయమైన డెస్ హాలమ్ మీద డాక్యుమెంటరీ అది. ఎర్రమట్టి దారిన బండేసుకుని వెళ్ళాడు, అంతే. బండీ దొరకలేదు, మనిషీ దొరకలేదు.

డెస్ చెల్లెలు డల్సీ ముందు బెంచీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెర్న్ టల్లీ ఎప్పట్లాగే మూల స్టూలు మీద. ఒకప్పుడు గొర్రెల బొచ్చు కత్తిరించేవాళ్ళకి వంట చేసేవాడు. డెస్‌ని ఆఖరున చూసింది అతనే. వాడే ఏదో చేశాడని ఊరంతా అప్పట్నుంచీ చెవులు కొరుక్కుంటూనే ఉంది. డల్సీ అయితే అతనితో మాటే మానేసింది. దాపరికం దేనికి, నేనూ తక్కువ తినలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ ముసలోడికి బీరు పోస్తున్నాను గానీ, ఒక్క క్రిస్మస్‌కీ నా ఇంటికి భోజనానికి పిలవలేదు.

"ఇంటికి పోరాదూ వెర్న్? ఎందుకొచ్చిన బాధ?" అన్నాను మెల్లగా.

"తిట్లేగా నొయెలీన్, అలవాటే. నువ్వు బీరు పొయ్యి."

టీవీలో సిడ్నీ కుర్రాడొకడు నలగని చొక్కా వేసుకుని మా ఎండలో నిలబడ్డాడు. "టోపీ ఏదిరా నాయనా, ముక్కు మాడిపోతుంది!" అని వెనక నుంచి ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"డెస్ నాలుగింటికే వెళ్ళిపోయాడని వెర్న్ చెప్పాడు. కానీ ఐదున్నరకి డెస్ బండి వెర్న్ గుడిసె ముందే ఉందని టపా బండి డ్రైవరు చెప్పాడు. మరి వెర్న్ అబద్ధం ఎందుకు ఆడినట్టు?" అన్నాడు ఆ కుర్రాడు. పబ్బులో ఎవరూ మూలకి చూడలేదు. చూడకపోవడం ఇంకా అన్యాయంగా అనిపించింది నాకు.

అప్పుడు చూపించారు, ఆనాడు వెర్న్ చెప్పింది పోలీసులు రాసుకున్న కాగితం. మేమెవరమూ దాన్ని ఎన్నడూ చూడలేదు. 'డెస్ నా దగ్గర టీ కానిచ్చి వెళ్ళాడు' అని ఉంది. పక్కనే వేరే సిరాతో 'సాయంత్రం 4' అని ఉంది.

డల్సీ దిగ్గున లేచింది. చేతిసంచి కింద పడింది.

"నాలుగింటికేంట్రా సన్నాసీ!" అని టీవీ మీదకి అరిచింది. "మా వైపు టీ అంటే కప్పూ బిస్కెట్టూ కాదురా! రాత్రి భోజనం! ఆరున్నరకి!"

ఇక చూడాలి, పబ్బు పైకప్పు లేచిపోయింది. పట్నం నుంచి దిగిన ఆ పోలీసు ఎవడో టీ అనగానే తన ఇంటి కప్పూ సాసరూ తలుచుకుని నాలుగని రాసేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, వాడి మీద కొంత, మా మీద చాలా.

"నువ్వు నోరెందుకు విప్పలేదయ్యా?" అని వెర్న్ మీద పడ్డాను.

"పోలీసులు నాలుగని రాసుకున్నారని నాకెవరు చెప్పారు? నీ టైము కుదరట్లేదన్నారు. టీ టైముకే కదా తిన్నాడు అన్నాను. తలూపి వెళ్ళిపోయారు."

డల్సీ మూలకి నడిచింది.

"ఆ రోజు మా అన్నకి ఏం పెట్టావు?"

"మటన్ చాప్స్, మెత్తగా చిదిపిన బంగాళాదుంపలు, బఠాణీలు."

"బఠాణీలు తిన్నాడా?"

"ఎక్కడ! నేనటు తిరగ్గానే నా కుక్కకి పడేశాడు."

డల్సీ ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "అమ్మ దగ్గరా అంతే చేసేవాడు, వెధవ."

"పుడ్డింగు మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు," అన్నాడు వెర్న్. "కడుపు నిండే వెళ్ళాడు డల్సీ. ఆ ఒక్క మాట నీకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో."

డల్సీ కళ్ళు తుడుచుకుని సంచి తీసుకుంది.

"మంగళవారం మా ఇంటికి టీకి రా. నాలుగింటికి వచ్చావంటే చీపురు తిరగేస్తా."

వెర్న్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆరున్నరకి వస్తాను," అన్నాడు.