కాన్పు దుడ్లకు ఒక ఖాతా

"ఒగవేళ ఆదివారం పూట నొప్పులొస్తే, ఆ పొద్దు మిషన్లో దుడ్లే లేకపోతే ఏం చేయాల పాపా?"

పుంగనూరు బ్యాంకులో కౌంటరు ముందు కూర్చుని మునీశ్వరి అడిగిన మొదటి మాట ఇది. అప్పటికింకా ఖాతా తెరవలేదు. ఏ ఖాతా కావాలో కూడా చెప్పలేదు. కౌంటరు వెనక ఉన్న సింధూజ అనే అమ్మాయి కంప్యూటరు మీంచి తలెత్తి, నొప్పులు ఎవరికమ్మా అని అడిగింది.

మునీశ్వరికి ఆ మాత్రం సందు చాలు. కూతురు శ్వేతకు ఏడో నెల. కాపురం కుప్పంలో. తొలి కాన్పు పుట్టింటోళ్లు చేయాల్సింది కదా, అందుకని మదనపల్లెలో ఒక డాక్టరమ్మను చూసి పెట్టింది. పాలిచ్చే ఆవులు రెండింటిని సోమల నుంచి వచ్చిన బేరగానికి అమ్మేసింది. ఆ దుడ్లు ఇప్పుడు ఇంట్లో బియ్యం డబ్బా అడుగున ఉన్నాయి. అవి అక్కడికి చేరినప్పటి నుంచి ఆమెకు కునుకు లేదు. ఎలుక కొరుకుతుందేమో, ఎవడో ఇంట్లో దూరతాడేమో, మొగుడు గురప్ప ఆటో టైర్లకని ఓ కట్ట లాగుతాడేమో.

ఇవన్నీ చెప్పింది గానీ అసలు దిగులు మాత్రం బయట పెట్టలేదు. పుట్టింటికి వస్తానని శ్వేత ఇంతవరకూ అననేలేదు. ఫోన్లో అడిగిన ప్రతిసారీ అవతల మాట ఆగిపోతుంది. ఊపిరి మాత్రం వినబడుతుంది. కాసేపటికి, పొయ్యి మీద పాలు పెట్టినానమ్మా అని పెట్టేస్తుంది. వాళ్లింట్లో పొద్దస్తమానం పాలు కాగుతూనే ఉంటాయా అని మునీశ్వరి గురప్పను అడిగితే, నన్నడిగితే నాకేం తెలుసు, నేను పోసొచ్చే పాలు వేరే అన్నాడాయన. ఆయన ఊళ్లమ్మట పాలక్యాన్లు ఎత్తుకొచ్చే ఆటో నడుపుతాడు.

సింధూజ ఓపిక గల పిల్ల. ఫిక్సెడ్ డిపాజిట్లో వేస్తే వడ్డీ బాగా వస్తుందని, కానీ గడువుకు ముందే తీస్తే కొంచెం కోత పడుతుందని, మామూలు సేవింగ్స్ ఖాతాలో వడ్డీ తక్కువైనా ఏ గంటకు కావాలంటే ఆ గంటకు తీసుకోవచ్చని విడమరిచి చెప్పింది. అంతా ఫోన్లోనే నడిచే ఖాతాలు కూడా ఉన్నాయంది. ఆ మాటకు మునీశ్వరి ఫోను ఎత్తి చూపించింది. అది పోయిన నెల కుడితి తొట్లో పడి తేలింది. ఇప్పటికీ అద్దం కింద ఒక మూల తవుడు కనిపిస్తుంది.

"వడ్డీ నాకొద్దు పాపా. సెయ్యి సాపితే రావాల. అంతే."

ఇంటికొచ్చి చెబితే గురప్పకు ఇదంతా నచ్చలేదు. రామప్ప చీటీలో వేస్తే పోలా, తెలిసిన మనిషి, పైగా పాలకేంద్రం పక్కనే ఇల్లు అని ఆయన వాదన. రామప్ప మంచోడే అని మునీశ్వరీ ఒప్పుకుంది. ఒప్పుకున్నాకనే అసలు మాట అంది.

"సీటీ పాట పాడేదాకా నీ కూతురు నొప్పులు ఆపుకోని కూసుంటాదా?"

ఆయన తువ్వాలు దులుపుకుని ఆటో ఎక్కాడు.

సేవింగ్స్ ఖాతా అని తేలింది గానీ ఏ బ్యాంకులో అన్నది తేలలేదు. మదనపల్లెలో ఆ డాక్టరమ్మ ఆసుపత్రికి ఎదురుగా రెండు ఏటీఎంలు ఉన్నాయి. ఒకటి సింధూజ వాళ్లది, ఇంకొకటి వేరే బ్యాంకుది. రెండు బ్యాంకులకూ పుంగనూరులో శాఖ ఉంది, కుప్పంలోనూ ఉంది. వడ్డీలో తేడా నయాపైసలే. ఏ కార్డయినా ఏ మిషన్లోనైనా నడుస్తుందని సింధూజ చెప్పినా, సొంత మిషనే సొంతమని మునీశ్వరి లెక్క. ఇక మునీశ్వరికి తెలిసిన పరీక్ష ఒకటే. ఆవును కొనబోయే మనిషి అమ్మేవాళ్లింటికి పోయి మూడు పూటలు పాలు పితికించి చూస్తాడు. ఒక పూట చూసి కొనేవాడు మోసపోతాడు. ముందు పూట పితక్కుండా ఆపి, పొదుగు నింపి చూపించేవాళ్లు ఉంటారు. రెండో పూటకు సగం బయటపడుతుంది, మూడో పూటకు ఆవు సంగతి మొత్తం తెలిసిపోతుంది. బ్యాంకును మాత్రం చూడకుండా కొంటామా?

ఆదివారం మొదటి బస్సుకే మదనపల్లె పోయింది. ఆసుపత్రి పక్క టీ అంగడి బల్ల మీద కూర్చుని ఏటీఎంల నుంచి బయటికొచ్చే మొహాలు చూడసాగింది. జేబు తట్టుకుంటూ వచ్చేవాళ్లు ఒక రకం. కార్డును తిప్పి తిప్పి చూసుకుంటూ వచ్చేవాళ్లు ఇంకో రకం. పొద్దున పూట రెండు చోట్లా జేబులు తట్టుకున్నవాళ్లే. మధ్యాహ్నానికి ఆ రెండో బ్యాంకు మిషను కాపలాదారు హనుమంతుకు అనుమానం వచ్చింది. దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మా, పొద్దున్నించీ మా మిషన్నే సూస్తాండావు. ఏంది కత?"

దొంగని అనుకుంటున్నాడని మునీశ్వరికి అర్థమైంది. పోలీసులు, స్టేషను, పేపర్లో ఫోటో, అది కుప్పంలో వియ్యపురాలు చూడడం, ఇవన్నీ కళ్ల ముందు గిర్రున తిరిగాయి. తడబడుతూ ఆవులు అమ్మిన దగ్గర్నుంచి మొదలుపెట్టి మూడు పూటల సంగతి దాకా చెప్పేసింది. హనుమంతు కాసేపు తన మిషను వైపు, కాసేపు ఆమె వైపు చూశాడు. తర్వాత ఆమె పక్కనే కూర్చుని రెండు టీలు చెప్పాడు.

"మాది రెండో పూటకు తన్నేస్తాది లేమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "టమాటా మార్కెట్టు కూలోళ్లు సాయంత్రం వచ్చి ఖాళీ చేసి పోతారు. సోమారం దాకా నింపేవాళ్లు రారు."

అన్నట్టే సాయంత్రానికి ఆ గది నుంచి వచ్చేవాళ్లంతా కార్డులు తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. సింధూజ వాళ్ల మిషను పొద్దుగూకినా ఇస్తూనే ఉంది. మునీశ్వరి మర్నాడు పొద్దున మళ్లీ బస్సెక్కి మూడో పూట కూడా చూసి గానీ ఒప్పుకోలేదు. ఆ పొద్దే పుంగనూరు శాఖకు పోయి, బియ్యపు గింజలు అంటుకున్న నోట్లు కౌంటరు మీద పెట్టింది.

అప్పుడింకో మాట తోచింది. నొప్పులొచ్చిన పొద్దు తనే కళ్లు తిరిగి పడిపోతే? సింధూజ నవ్వకుండా దానికీ దారి చెప్పింది. కూతురి పేరు కూడా కలిపి రాస్తే ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరి కార్డు వాళ్లకే వస్తుంది. శ్వేత కుప్పం శాఖకు పోయి సంతకం పెడితే సరిపోతుంది.

ఫోన్లో చెప్పే మాట కాదనుకుని మునీశ్వరి పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారి కుప్పం చేరింది. అల్లుడు సిద్ధార్థ బస్టాండుకు వచ్చాడు. నెమ్మదస్తుడు. గుడుపల్లె బళ్లో లెక్కలు చెబుతాడు. ఇంటికి పోయే దారిలో బండి ఒక పక్కకు ఆపి, తిరిగి చూడకుండానే అన్నాడు.

"అత్తా, ఏమనుకోవద్దు. మీరు ఫోన్ చేసిన రోజు ఆ పిల్ల తెల్లార్లూ నిద్రపోదు. ఎవురికో రక్తం పోయిందని, ఎవురి బిడ్డకో పేగు సుట్టుకున్యాదని మీరు సెప్తారే, అవన్నీ నన్ను పక్కన కూసోబెట్టుకోని మళ్లా సెప్తాది. ఆడికి పోతే రోజూ అవే వినాల గదా అని భయం."

ఆ మాటలన్నీ మునీశ్వరి బిడ్డ జాగ్రత్తగా ఉండాలనే చెప్పింది. తన భయం కొంచెం తగ్గుతుందనీ చెప్పింది. తన దగ్గర తగ్గిందంతా ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది.

బ్యాంకులో పని తొందరగానే అయింది. శ్వేత కుర్చీలో కొంచెం వెనక్కి వాలి కూర్చుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. మొహం ఉబ్బింది, కాళ్లు కూడా ఉబ్బాయి. ఆ కాళ్లు చూడగానే మునీశ్వరి నాలుక చివరికి సోమలలో ఎవరో ఆడపిల్ల కథ వచ్చింది. నోరు తెరిచి, మూసుకుంది. ఇంటికొచ్చాక కూడా ఆ కథ లోపల తిరుగుతూనే ఉంది. వియ్యపురాలు గుడికి పోయింది, సిద్ధార్థ ట్యూషను పిల్లలకని వాకిట్లోకి పోయాడు. తల్లీ కూతుళ్లిద్దరే మిగిలారు.

"నీ కార్డు పది దినాల్లో ఈడికే వస్తాదంట," అంది మునీశ్వరి. "నన్ను అడగాల్సిన పన్లేదు. కుప్పంలో అయినా, మదనపల్లెలో అయినా, నీకు యాడ బాగుంటే ఆడ కాన్పు చేసుకో. దుడ్లు నీ సేతిలో ఉంటాయి. నేను యాడికి రమ్మంటే ఆడికి వస్తా. రావద్దంటే రాను."

చివరి మాట అనడానికి చాలా బలం కావాల్సి వచ్చింది. ఎప్పటిలాగే శ్వేత మాట ఆగిపోయింది. ఊపిరి వినబడుతోంది. ఈసారి పెట్టేయడానికి ఫోను లేదు, పొయ్యి మీద పాలూ లేవు. వాకిట్లో పిల్లలు ఎక్కం చదువుతున్నారు. మునీశ్వరికి అడగాల్సినవి గుంపుగా గొంతు దాకా వచ్చాయి. కాళ్లకు డాక్టరు ఏమన్నాడు, బిడ్డ తిరుగుతున్నాడా, నెత్తి నొప్పి ఉందా. అన్నింటినీ మింగి, కూతురి కాళ్లు ఒళ్లోకి తీసుకుని మెల్లగా ఒత్తసాగింది. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. పిల్లలు ఎక్కం ముగించి ఇంకోటి మొదలుపెట్టారు. అది కూడా ముగిసింది.

శ్వేత కళ్లు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకుని మునీశ్వరి కాళ్లను కిందికి దించబోయింది.

"పై వారం కారు మాట్లాడుకోని నాయన్ని రమ్మను మా," అంది శ్వేత. "బస్సులో కుదుపులకు నేను తాళలేను."