పాలు మాన్పిన వారం

ఆ ఇంట్లో ఎవరికి ఏం చెప్పినా గోడకు చెప్పుకున్నట్టేనని గీతకు పెళ్లయిన కొత్తలోనే తెలిసిపోయింది. అయినా పంది పిల్లల మేత సంగతి మాత్రం ఒకటికి పదిసార్లు చెప్పింది. పోయిన ఈతలో పుట్టిన పిల్లలన్నీ పాలు మాన్పించిన వారంలోనే పారుకొని చచ్చిపోయాయి మరి. ఆమె మొగుడు మునిరాజుకు హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టులో ఉద్యోగం. అక్కడ మిగిలిన బిర్యానీని బకెట్లకెత్తి కురబలకోటకు తెచ్చి దొడ్లో పోసేవాడు. తల్లిపంది దాన్ని అరాయించుకుంది. నిన్నటిదాకా పాలు తాగిన పిల్లల పొట్టలు ఆ మసాలాకు తట్టుకోలేకపోయాయి.

"ఈసారి గూడా పోతే తల్లిని కుప్పం యాపారికి తోలేస్తా. నువ్వు మళ్లా టమోటా కోతలకు కూలికి పో" అని మునిరాజు తేల్చేశాడు. బిర్యానీ తెచ్చి పోసిన పెద్దమనిషే ఆ మాట అనేసరికి గీతకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఒకరి తోటలో నడుము వంచే ప్రసక్తే లేదనుకుంది.

మదనపల్లెకు పోయి పశువుల డాక్టరును అడిగి వచ్చింది. ఈసారి పిల్లలను పక్క దొడ్లోకి మార్చి, సోయా పిండి, చెనక్కాయ చెక్క, ఎండుచేపల పొడి రాగి జావలో కలిపి కొంచెం కొంచెంగా పెట్టసాగింది. తల్లికి మాత్రం పాలు ఇంకేదాకా మేత తగ్గించి, పలచగా తవుడు నీళ్లు పోయమన్నాడు డాక్టరు. పొద్దున, సాయంత్రం ఆ పని గీతదే. మధ్యాహ్నం తను బిడ్డ మేఘనను అంగన్‌వాడీ నుంచి తెచ్చుకోవడానికి పోతుంది కాబట్టి ఆ పూట మేత అత్త వెంకటమ్మకు అప్పజెప్పింది.

మూటలో దాణా తరిగిపోతోంది. పిల్లలు మాత్రం ఒళ్లు చేయడం లేదు. గీత కాకులను తిట్టింది, పక్కింటి కోళ్లను తిట్టింది, చివరికి డాక్టరును కూడా తిట్టుకుంది. అటు తల్లి పొదుగేమో ఇంకకపోగా రోజురోజుకూ బిగుసుకుంటోంది. ఇదేం మాయో ఆమెకు అంతుబట్టలేదు.

ఒకరోజు అంగన్‌వాడీ తొందరగా వదిలేశారు. గీత బిడ్డను చంకనేసుకొని వచ్చేసరికి పిల్లలు కంచెకు మూతులానించి కీచుమంటున్నాయి. వెంకటమ్మ వాటి జావ గిన్నెను తల్లిపంది తొట్టిలో వంచుతూ, దాని చెవి వెనక గోకుతోంది.

"అత్తా! ఏం చేస్తాండావు?"

"యాల అట్ల అరుస్తావు? పిల్లలకు గూడా కొంచెం పెట్టినా గదా."

"వాటికి కొంచెం, కడమంతా దీనికా? మేత తగ్గిస్తేనే గదా పాలు ఇంకేది! పొదుగు సూడు, రాయి మాదిరి ఉండాది. ఆ పిల్లల్ని సూడు, ఎముకలు తేలినాయి. రెండింటినీ నువ్వే సంపుతాండావు!"

వెంకటమ్మ గిన్నె కింద పెట్టింది.

"బిడ్డల్ని పీకి పక్కనేస్తిరి. దీని నోటికాడ కూడు గూడా తీసేస్తిరి. మునిరాజుకు పాలు మాన్పించినప్పుడు మా అత్త నాకు గంజి గూడా సరిగ్గా పొయ్యలేదమ్మా, పాలు ఇంకల్లని. రొమ్ములు గడ్డకట్టి జరంతో పడుంటే, వచ్చినోళ్లందరూ బిడ్డ తిన్నాడా అనే అడిగినారు. నువ్వు తిన్నావా అని ఒక్కరు అడగలే."

గీతకు కోపం మాత్రం అట్లాగే ఉంది, దాన్ని ఎవరి మీద చూపాలో తెలియలేదు. తొట్టిలోని జావను గబగబా ఎత్తి పిల్లలకు పోసింది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి అత్త చేతికిచ్చింది.

"దీని పొదుగుకు కాపడం పెట్టు. పాలు ఇంకినాక నీ చేత్తోనే చెక్క పెడుదువు, నేను అడ్డం రాను. అంతవరకు ఆ గిన్నె దీని తట్టు వచ్చిందో, సూడు మరి!"

వెంకటమ్మ గొణుక్కుంటూనే కాపడం పెట్టింది. రోజులు గడిచేకొద్దీ పొదుగు మెత్తబడింది. కడుపు నిండా తినేసరికి పిల్లల వీపులు గుండ్రబడ్డాయి.

ఒక సాయంత్రం మునిరాజు బండి దిగాడు. చేతిలో మళ్లీ బకెట్.

"ఈరోజు మసాలా తక్కువే" అన్నాడు.

"తీసకపో దాన్ని!" అత్తాకోడళ్లు ఒక్కసారే అరిచారు.

అతను బిత్తరపోయి బకెట్ గేటు బయట పెట్టి, కంచె మీద నుంచి తొంగి చూశాడు. ఇక కుప్పం మాట ఎత్తలేదు. "బాగానే ఉండాయే. పిల్లలు తిన్నాయా?" అన్నాడు.

గీతకు ఎక్కడ లేని చిరాకు ముంచుకొచ్చింది.

"పిల్లలు తిన్నాయి, పంది తినింది, నీ బిడ్డ తినింది. మీ యమ్మ తినిందా అని పుట్టినకాడి నుంచి ఒక్కతూరన్నా అడిగినావా? నువ్వడగలే, నేనూ అడగలే. ఇప్పుడడుగు!"

మునిరాజుకు ఏమీ అర్థం కాలేదు. తల్లి వైపు తిరిగాడు. "ఏమ్మా, తిన్నావా?"

వెంకటమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, మెట్టు మీద కూర్చుంది.

"లేదు. పెట్టు" అంది.